పాట ఎవరి నోట ఉండవలెను?

ఉజ్జీవ కూటములకు పేరుపొందిన గాయకుని పిలువవలెనని సంఘ పెద్దలు కూర్చున్నప్పుడెల్ల ఒక చిక్కు వచ్చుచున్నది. ప్రయాణపు ఖర్చు, వాద్యగాండ్ర కూలి, మైకుసెట్టు అద్దె లెక్క చూడగానే "దేవుని పాటకు ఇంత సొమ్మా?" అని ఎవరో ఒకరు గొణుగుదురు.

ఆ గొణుగుడు న్యాయమని నేను తలంచను. దావీదు కాలమున పాటలో ప్రవీణులైనవారు 288 మంది యుండిరి. మందిరపు గాయకులకు పాటయే పని గనుక తక్కిన పనులనుండి విడుదల కలిగెను. నెహెమ్యా దినములలో జనులు వారి భాగము ఇయ్యనందున వారు మందిరము విడిచి తమ పొలములకు పారిపోయిరి. అప్పుడు నెహెమ్యా మందలించినది గాయకులను కాదు, అధికారులను. పాడువానికి మాత్రము కడుపు లేదా?

నన్ను కలవరపెట్టునది వేరొకటి. గాయకుడు రాగానే సంఘము నోరు మూసికొనుచున్నది. మా పూడిమడక తీరమున పెద్దవల లాగునప్పుడు ఒకడు పదమెత్తును, తాడు పట్టినవారందరు అందుకొందురు. ఎత్తువాని గొంతు ఇంపుగా నున్నదని తక్కినవారు తాడు వదలి వినుచు నిలిచినయెడల వల ఒడ్డునకు వచ్చునా?

పురుషోత్తమ చౌదరిగారిని తలంచుకొనుడి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, తెలుగునాట సువార్త చాటుచు నూటికి పైగా కీర్తనలు రచించి 1890లో ప్రభునందు నిద్రించిరి. ఆయన కంఠమెట్టిదో నేడు వినుటకు సాధనము లేదు. అయినను 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకమున రాగతాళముల పేర్లతో అచ్చయిన ఆయన పాటలను అక్షరము రాని అవ్వలు సయితము పుస్తకము లేకయే పాడుదురు. ఆ రాగము పేరు వారికి తెలియదు, కట్టినవారి పేరును తెలియదు. (మన యువకులు వీటిని ముసలి పాటలందురు. ఒక్క చరణము సరిగా పాడమనుడి, ఊపిరి చాలదు!)

మన కాలమున హోసన్నా పరిచర్య స్థాపకులైన ఏసన్నగారి పాటలును ఈ దారినే నడచినవి. జనులు క్యాసెట్టు విని నేర్చుకొని తమ గుడిలో కంజరతో పాడుకొనిరి. ఆయన నిద్రించిన తరువాతను ఆ పాటలు మానలేదు.

నేడు గాయకుని ఘనతను సెల్‌ఫోనులో ఎందరు చూచిరను లెక్కతో కొలుచుచున్నారు. ఆ లెక్క విన్నవారిని చెప్పును గాని పాడినవారిని చెప్పదు. సంగతులు, సొగసులు తప్పని నేననను, అవియు దేవుడిచ్చిన వరములే. అయితే పాట కట్టునప్పుడు, చేపల గంప దింపి వచ్చి గుడిలో చాపమీద కూర్చున్న తల్లి ఈ స్వరమును అందుకొనగలదా అని అతడు ఒకసారి తలంచవలదా?

కాబట్టి పెద్దలారా, కూలి బేరమాడకుడి, ఇయ్యవలసినది ఇయ్యుడి. ఒక్క షరతు మాత్రము పెట్టుడి. కూటములు మొదలగు దినమున గాయకుడు ప్రొద్దుండగానే వచ్చి, స్త్రీలను పిల్లలను కూర్చుండబెట్టి ఒక పాట నేర్పవలెను. చివరి రాత్రి వాద్యములు ఆపించి, వేదిక దిగి, జనులలో నిలిచి వారితోకూడ దానిని పాడవలెను. అందుకు ఒప్పుకొన్నవానిని మరుసటి యేడు మరల పిలువుడి, కూలి కొంత ఎక్కువే ఇయ్యుడి.