వీరుడు ఎవరి సొత్తు?

ఒక కథ ఎవరి సొత్తు? కల్పించినవానిదా, అచ్చువేసి అమ్మినవానిదా, చదివి పదిలపరచిన జనానిదా? ప్రశ్న పాతదే. కాని అమెరికా సూపర్‌హీరో కామిక్స్ డిజిటల్ భాండాగారాలను చూస్తున్నపుడు అది నాకు కొత్త పదునుతో ఎదురవుతున్నది. పిల్లల బొమ్మల కథలకు ఇంత చర్చ దేనికని మిత్రులు కొందరు అనవచ్చు. బజారు సరుకని మనం తోసిపుచ్చేచోటనే ఆస్తి సంబంధాలు ముసుగు లేకుండా కనిపిస్తాయి.

1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు సూపర్‌మాన్ పాత్ర మీద హక్కులన్నీ ప్రచురణకర్తలకు 130 డాలర్లకు రాసిచ్చారు. ఆ ఏడే వచ్చిన మూడవ సంచికలో సూపర్‌మాన్ ఒక గని యజమానిని, అతని సంపన్న అతిథులను గనిలోనే చిక్కుపడేటట్లు చేసి, కార్మికుడు అనుదినం అనుభవించే ప్రాణభయాన్ని వారికి రుచి చూపిస్తాడు. అటువంటి వీరుని కన్నవారికి మాత్రం న్యాయం దక్కలేదు. ప్రజల్లో అలజడి రేగిన తరువాతనే, 1975లో, వారికి ఏటా 20,000 డాలర్ల భత్యమూ, కథ మీద తమ పేరూ లభించినవి. 1939 నాటి బ్యాట్‌మాన్ సృష్టిలో పాలుపంచుకున్న బిల్ ఫింగర్ 1974లో కన్నుమూశాడు. అధికారికంగా అతని పేరు వేసింది 2015లో!

మరి ఈ పుస్తకాలను కాపాడినదెవరు? పది సెంట్ల వెలకు నాసిరకం కాగితం మీద అచ్చయిన సరుకు అది. యుద్ధకాలంలో ఎన్నో ప్రతులు చిత్తుకాగితాల సేకరణలో పోయినవి. 1948లో కొన్ని ఊళ్ళలో పెద్దలే దగ్గరుండి తగలబెట్టించారు. మిగిలినవాటిలో చాలా భాగం చదువరుల పెట్టెలలో మిగిలినవే. డిజిటల్ కామిక్ మ్యూజియం వంటి చోట్ల స్వచ్ఛంద సేవకులు, హక్కుల గడువు తీరిన సంచికలను పుట పుటా తెరకెక్కించి ఉచితంగా పంచుతున్నారు. కంపెనీల భాండాగారాలు వేరు. 2007లో మార్వెల్ ఆరంభించినటువంటి వాటిలో వేలాది సంచికలున్నవి. చందా ఆగిన మరుక్షణం అల్మారా ఖాళీ. పది సెంట్ల కాగితం పదిమంది పిల్లల చేతులు మారేది. ఈ అద్దె పుస్తకాన్ని పక్కవానికి ఎరువివ్వడానికైనా వీలులేదు.

దీనికి చట్టం అండ ఉన్నది. సూపర్‌మాన్ తొలి సంచిక అచ్చయిననాటి చట్టం ప్రకారం హక్కు గరిష్ఠంగా 56 ఏళ్ళు. అంటే 1994తో అది జనం సొత్తు కావలసినది. 1976, 1998 చట్టాలు గడువును 95 ఏళ్ళకు సాగదీసినవి. ఇక ఆ సంచిక విముక్తి 2034 జనవరి 1న! షూస్టర్ 1992లో, సీగెల్ 1996లో మరణించారు. రచయితకు ప్రోత్సాహం కోసమే హక్కు అంటారు. చనిపోయినవానిని ప్రోత్సహించి మరొక కథ రాయించగల చట్టం ఏదీ? ఆ పొడిగింపులో సృష్టికర్తలు హక్కు తిరిగి కోరే సందు ఉన్నమాట నిజమే. సూపర్‌మాన్ విషయంలో ఆ వ్యాజ్యం ఏళ్ళతరబడి నడిచి, చివరకు కంపెనీ పక్షానే తేలింది.

అయితే దొరికిన ప్రతి కథనూ ఎత్తిరాసుకోవడం న్యాయమా? కాదు. బతికి ఉన్న చిత్రకారుని నేటి పుస్తకాన్ని ఉచితంగా పంచేవాడు కంపెనీని కొడుతున్నాననుకొని కార్మికుని కంచంలోనే చేయి పెడుతున్నాడు. పాత బొమ్మలను శుభ్రపరచి, రంగులు సరిదిద్దే శ్రమకూ ప్రతిఫలం ఉండవలసిందే. కాని చేసిన పనికి కూలి వేరు, పనిని ఆనుకొని తరతరాల జమీందారీ వేరు.

నా దృష్టిలో భాండాగారమనేది రెండు రుణాలు తీర్చాలి. సృష్టించినవానికి అతడు బతికి ఉండగానే పేరూ, కూడూ ఇవ్వాలి. చదివి కాపాడిన జనానికి గడువు తీరగానే కృతిని అప్పగించాలి. ఎన్ని వేల పుటలు కూడబెట్టినా, ఈ రెండూ ఎగవేసినది గిడ్డంగి మాత్రమే, గ్రంథాలయం కాదు.