కింది వాటా ఆవిడ పేరు

పామర్రు,
నవంబరు 19

చిరంజీవి అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. లీడ్స్‌లో దిగి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే ఎడింబరో, లండన్, లివర్‌పూల్ చుట్టొచ్చావు. తిరగడమంటే నీకు చిన్నప్పట్నించీ ప్రాణం. బందరు బస్సెక్కిస్తే చాలు, ఏడుపు ఆపేదానివి. ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. కానీ, "ఉండేది ఏడాదే గదా తాతయ్యా, ఈలోపు అన్నీ చూసెయ్యాలి" అన్నావు ఫోన్లో. ఆ మాటకి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇవాళ తారీఖు చూశావా? 1977లో ఇదే రోజున దివిసీమని ఉప్పెన ముంచేసింది. సుమారు 10 వేల మంది పోయారు. కాలేజీ కుర్రాళ్ళం బియ్యం, బట్టలు వేసుకెళ్ళి నాలుగు రోజులున్నాం. తిరిగొచ్చి, అంతా కళ్ళారా చూశానని ఊరంతా చెప్పాను. కొన్నేళ్ళకి ఆ దివిసీమలోనే, నాగాయలంకలో పంతులుద్యోగం వచ్చింది. నేను అద్దెకున్న ఇంటి ముసలమ్మ వైశాఖంలో ఎంతో చలాకీగా ఉండేది. కార్తీకం వచ్చి గాలి తిరగ్గానే ఆవిడకి మంచం మీద నడుం వాలేది కాదు. గుమ్మంలో కూర్చుని తెల్లవార్లూ గాలి వింటూ ఉండేది. ఎందుకని నేనడగలేదు. నేను ఊరొదిలే ముందు తనే చెప్పింది, ఆ రాత్రి చేతిలోంచి జారిపోయిన పిల్లాడి సంగతి. బియ్యం పంచినప్పుడు నేను ఆ వీధిలోనే తిరిగాను, అమ్మడూ. కళ్ళారా చూశానని చెప్పుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సంక్రాంతికొచ్చే మన చుట్టాలు ముగ్గులూ అరిసెలూ చూసి వెళ్ళిపోతారు. ఆషాఢంలో కాలవ నీళ్ళ కోసం శివారు రైతు గట్టు మీద పడుకుంటాడని వాళ్ళకేం తెలుసు? నీకు తెలుసు, టార్చి పట్టుకుని మీ నాన్న వెంట వెళ్ళేదానివి గనక.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయనా ఊరూరూ తిరిగినవాడే. అయితే మజిలీ మజిలీలోనూ నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, జనం ఎలా బతుకుతున్నారు అని అడిగి తెలుసుకుని, స్నేహితుడు శ్రీనివాస పిళ్ళకి రాస్తూ పోయాడు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. నువ్వు ఇన్ని ఫొటోలు పంపావు, మీ కింది వాటాలో ఉండే ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు.

మీ ఊళ్ళోనూ కాలవ ఉందిగా. లీడ్స్ నుంచి లివర్‌పూల్ దాకా 127 మైళ్ళు, 1770లో మొదలెడితే 1816కి పూర్తయింది. మన కాలవల్లాగే దానికీ లాకులున్నాయి. ఆ గట్టు మీద ఒక ఆదివారం నడువు. మంచు పడ్డప్పుడు మళ్ళీ నడువు, చెట్లు చిగిర్చాక మళ్ళీ. అక్కడ పడవల్లో ఉండేవాళ్ళని పలకరించు.

సెలవుల్లో ఒకటి రెండు ఊళ్ళు చూడు, హాయిగా చూడు. టిక్కెట్ల డబ్బు కోసం మాత్రం వీసాలో చెప్పిన వారానికి 20 గంటల పని దాటకు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు తల్లీ.

ఇక్కడ చేలు కోతకొచ్చాయి. ఇప్పటికి వాయుగుండం కబురేమీ లేదు, అయినా మీ నాన్న పొద్దునా సాయంత్రం వార్తలు వింటూనే ఉన్నాడు. వచ్చే ఉత్తరంలో ఆ కింది వాటా ఆవిడ పేరు రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య