నేను నిమిత్తమాత్రుణ్ణేనా? ఒక నోటిఫికేషన్ అడిగిన ప్రశ్న

ఈ వారం వీడియోలో విశ్వరూప దర్శనం గురించి చెప్పుకున్నాం కదా. కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాలని ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఒక షాపింగ్ యాప్‌లో నోటిఫికేషన్లు పంపే టీమ్ మాది. ఎవరు ఏ టైమ్‌కి ఫోన్ తెరుస్తారో చూసి, సరిగ్గా ఆ టైమ్‌కే మెసేజ్ వెళ్లేలా కోడ్ రాస్తాం.

కిందటి కార్తీక మాసంలో కాకినాడ, మా ఇంటికి వెళ్లాను. తెల్లవారుజామున అమ్మ తులసికోట దగ్గర దీపాలు పెడుతోంది. ఫోన్ మోగింది. ఒక దీపం వెలిగించి, రెండోది అలాగే వదిలేసి లోపలికి వచ్చింది. "ఒరే, ఇత్తడి కుందులు ఆఫర్‌లో ఉన్నాయట. పది నిమిషాలే టైమట. కొనెయ్యనా?"

ఆ పది నిమిషాల టైమర్ రాసింది నేనే. సున్నాకి రాగానే అది మళ్లీ పది నుంచి మొదలవుతుందని నాకు తెలుసు. ఆఫర్ ఎక్కడికీ పోదు. అయినా "నీ ఇష్టం అమ్మా" అన్నానే తప్ప నిజం చెప్పలేకపోయాను.

నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటే. కంపెనీ రాయమంది, రాశాను. నేను నిమిత్తమాత్రుణ్ణి. గీత 11వ అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో అన్న మాటే కదా!

కానీ ఆ మాట వినేముందు అర్జునుడు ఏం చేశాడు? రథాన్ని రెండు సేనల మధ్య ఆపమన్నాడు. ఎవరితో యుద్ధం చేయాలో కళ్లారా చూస్తానన్నాడు. చూశాడు, వణికాడు, ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు. నేను రోజూ స్క్రీన్ మీద గ్రాఫ్ చూశాను గానీ, దాని వెనకున్న మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆ రోజే మొదటిసారి చూశాను.

ఇంకో సంగతి. 18వ అధ్యాయంలో అంతా బోధించాక కృష్ణుడు, బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమంటాడు. సాక్షాత్తూ భగవంతుడే ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చాడు. నా టైమర్ పని ఆ టైమ్‌ని లాక్కోవడం.

టెక్నాలజీయే చెడ్డదని అనను. అదే ఫోన్‌లో అమ్మ తిరుమల దర్శనం టికెట్లు బుక్ చేస్తుంది, ప్రవచనాలు వింటుంది. తను కావాలనుకున్నప్పుడు ఫోన్ తన మాట వింటోంది. ఆ రోజు మాత్రం తనే ఫోన్ మాట వింది.

తిరిగొచ్చాక మేనేజర్‌తో మాట్లాడాను. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లు ఉన్నాయి. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. అది చూపించాక టైమర్ తీసేశారు. అయినా ఒక ప్రశ్న నన్ను తొలుస్తూనే ఉంది. ఆ రూల్ లేకపోతే నేను నోరు విప్పేవాణ్ణా? చట్టానికి భయపడి చేసింది ధర్మం అవుతుందా?

అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నాకంటే నువ్వు చెప్పావు. మిగతా అమ్మలకి ఎవరు చెప్తార్రా?" అంది.

మీరూ ఎక్కడో ఒక చిన్న మాడ్యూల్ రాస్తుండొచ్చు. ఈ వారం ఒక్కసారి రథం ఆపి చూడండి.

శ్రీకృష్ణార్పణమస్తు.