పరుల గాదె

మన దస్తావేజులను, పటములను, పిల్లల యోగ్యతాపత్రములను నేడు ‘క్లౌడు’న దాచుకొనుచున్నాము. పేరు మేఘమే గాని యది యాకసమున లేదు. ఎచ్చటనో దూరమున రేయింబవళ్లు పనిచేయు యంత్రములలో నున్నది. అచ్చటికి దారి యింటర్నెట్టొక్కటే. దారి తెగిననాడు సొత్తు భద్రముగనే యుండును. అక్కఱకు మాత్రము రాదు. వేళకు చేతికందని దానిని సొత్తనుట యెట్లు?

మా శిష్యుడొకడు ఫోను తెఱచిన జాలునను ధీమాతో వట్టిచేతుల కళాశాలప్రవేశమునకు బోయెను. ఆ పూట సిగ్నలు లేదు. తుదకు తండ్రి సంచిలో దెచ్చిన పాత కాగితములే వానిని గట్టెక్కించినవి.

ఇది యొక్క బాలుని కష్టమే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణమున విద్యుత్తును ఫోనులును దినములకొలది నిలిచిపోయెను. 2022 జనవరిలో టోంగా ద్వీపములకడ నగ్నిపర్వతము పేలి సముద్రగర్భపు తీగ తెగగా, ప్రధానద్వీపమునకు దానిని మరల గలుపుటకు సుమారయిదు వారములు పట్టెను.

అట్లని క్లౌడును విడువుడని మేము చెప్పము. ఇంటి కాగితమునకు చెదలును వరదయు శత్రువులు. దూరమందలి ప్రతి యప్పుడు మనలను గాచును. నమ్ముట తప్పు కాదు. నమ్మి మన పూచీని మఱచుట తప్పు. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర కడపలో పండితులచే తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ప్రతులు పెరిగినకొలది గ్రంథములకు ఆయువు పెరిగెను.

కావున గృహస్థులారా, ముఖ్యపత్రముల ప్రతి నొకదానిని ఫోనులోనికే దింపుకొనుడు. మఱియొకదానిని పెట్టెలో నుంచుడు. ఏటికొకమాఱు తెఱచి చూడుడు. నిల్వచేయుట నితరుల కప్పగింపవచ్చును, జాగ్రత్త నప్పగింపరాదు.