పర్దా ఎవరి మీద కప్పుతున్నాం?



ఒకసారి ఒక మనిషి దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి గది తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. ఆ సమయంలో ఆయన (స) చేతిలో తల గీరుకునే ఇనుప పుల్ల ఉంది. నువ్విలా చూస్తున్నావని ముందే తెలిస్తే దీన్ని నీ కంట్లో పొడిచేవాణ్ణని ఆయన (స) అతనితో అన్నారు. ఇళ్లలోకి వెళ్లేముందు అనుమతి అడగాలన్న నియమం ఏర్పడిందే ఈ చూపు మూలంగా అని కూడా వివరించారు. హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

తాయిఫ్‌లో రాళ్లు రువ్వి గాయపరచిన వారిని సైతం శపించని కారుణ్యమూర్తి ఆయన (స). అంతటి మహనీయుని నోట ఇంత కఠినమైన మాట వచ్చిందంటే కాస్త ఆగి ఆలోచించాలి. ఆ మనిషి తలుపు పగలగొట్టలేదు. ఏమీ ఎత్తుకుపోలేదు. ఎవరినీ తాకలేదు. చూశాడు, అంతే. ‘చూస్తే ఏం పోయింది?’ అని తేలిగ్గా అనేవారికి ఈ ఒక్క హదీసు చాలు.

దివ్యఖుర్ఆన్ సూరా నూర్ 27, 28 ఆయతుల్లో ఇతరుల ఇంట్లోకి అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దని, తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలని ఆదేశం ఉంది. అదే సూరా 58వ ఆయతు ఇంటి పిల్లలకూ ఇది నేర్పమంటోంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించి నడుం వాల్చే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు సమయాల్లో పెద్దల గదిలోకి వాళ్లు అడక్కుండా రాకూడదు. మా అమ్మ దగ్గరకు వెళ్లాలన్నా అనుమతి అడగాలా అని ఒకతను ప్రశ్నిస్తే, ఆమెను బట్టలు లేకుండా చూడటం నీకు ఇష్టమేనా అని దైవప్రవక్త (స) ఎదురు ప్రశ్న వేసిన హదీసు ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి ‘మువత్తా’లో ఉంది. ఒకరింటికి వెళ్లినప్పుడు ఆయన (స) గుమ్మానికి ఎదురుగా నిలబడేవారు కారు, పక్కకు తప్పుకుని సలాం చెప్పేవారు.

ఈనాడు ఆ కన్ను మనిషి ముఖం మీద ఉండాల్సిన పని లేదు. సెల్‌ఫోన్‌లో ఉంటుంది, గోడ మీది ప్లగ్గులో ఉంటుంది, బాత్‌రూం కిటికీ అంచున ఉంటుంది. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు నుంచి మన ఆడపిల్లలు తిరుపతి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. చిత్తూరు నుంచి వైద్యం కోసం వేలూరు వెళ్లే కుటుంబాలు లాడ్జీల్లో రోజుల తరబడి ఉంటాయి. షాదీమహల్‌లో పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి ఎవరెవరు ఫోన్లు పట్టుకుని వస్తున్నారో ఆ హడావిడిలో అడిగేవారే ఉండరు. ‘హాస్టల్లో జాగ్రత్తమ్మా’ అని చెప్పని అమ్మీ, అబ్బా ఉండరు. అయితే జాగ్రత్తలన్నీ అమ్మాయికే చెబుతున్నాం. అబ్బాయికి ఏం చెబుతున్నాం?

మన దేశపు చట్టం ఈ చూపును నేరంగా గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 2004లో ఢిల్లీలో ఇద్దరు స్కూలు పిల్లల వీడియో ఫోన్లలో పాకి, అమ్మకానికి కూడా వచ్చి దేశమంతా కలకలం రేగింది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించి 66-ఇ సెక్షన్ చేర్చారు, 2009 అక్టోబరు 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఒకరి శరీరపు గోప్య భాగాలను వారి సమ్మతి లేకుండా చిత్రీకరించినా, పంపినా మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బాధితులు ఆడవారైనా మగవారైనా ఇది వర్తిస్తుంది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, జస్టిస్ వర్మ కమిటీ నివేదిక దరిమిలా 2013లో శిక్షాస్మృతిలో 354-సి సెక్షన్ వచ్చింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూసినా, చిత్రీకరించినా, ఆ చిత్రాన్ని ఇతరులకు చేరవేసినా మొదటిసారి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. మళ్లీ చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్లు. రెంటికీ జరిమానా అదనం.

ఇందులో ఒక వివరణను మన పెళ్లయిన యువకులు తప్పక తెలుసుకోవాలి. స్త్రీ చిత్రీకరణకు ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే. ‘తనే తీయనిచ్చింది’ అన్న సాకు చెల్లదు. భార్యతో గడిపిన ఏకాంతాన్ని బయట చెప్పుకునేవాడు ప్రళయదినాన అల్లాహ్ దగ్గర అతి నీచమైన స్థానంలో ఉండేవారిలో ఒకడని దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). నోటితో చెప్పినవాడి గతే అది. మరి తలాఖ్ గొడవల్లో పాత ఫోటోలు చూపించి బెదిరించేవాడి సంగతేమిటి? ఖులా అడిగితే వీడియో బయటపెడతానన్నవాడి సంగతేమిటి?

ఇక పుకార్ల మాట. 2024 ఆగస్టు 29 రాత్రి కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో, బాలికల హాస్టల్ వాష్‌రూముల్లో రహస్య కెమెరాలు పెట్టారంటూ విద్యార్థినులు ఆందోళనకు దిగారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు. ఈలోగా వందల వీడియోలున్నాయన్న ప్రచారం రాష్ట్రమంతా తిరిగింది. ఆ అమ్మాయిల భయాన్ని నేను తప్పుపట్టను. అనుమానం వస్తే అడగడం, తనిఖీ కోరడం వారి హక్కు. నేను అడిగేది ఇంట్లో కూర్చుని ఆ వార్తను ఫార్వర్డ్ చేసిన మన గురించి. వార్త వస్తే నిర్ధారించుకోమని సూరా హుజురాత్ 6వ ఆయతు ఆదేశిస్తోంది. పైగా ఆ రోజుల్లో చాలామంది అడిగిన ప్రశ్న ‘నిజమా?’ అని కాదు, ‘నీ దగ్గర ఉందా?’ అని. ఆ మాట అడిగినవాడు తలుపు సందు దగ్గర నిలబడ్డవాడే.

2025 జనవరిలో హైదరాబాదు శివార్లలో, మేడ్చల్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ బాలికల హాస్టల్లో జరిగింది వేరు. స్నానాల గదుల్లోకి తొంగిచూశారన్న ఆరోపణపై హాస్టల్ వంటశాల పనివారిని పోలీసులు అరెస్టు చేశారు. పిల్లలు మొరపెట్టుకున్నా పట్టించుకోలేదని, విషయాన్ని అణచిపెట్టారని యాజమాన్యం మీద కూడా కేసు పెట్టారు. అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది.

అణచిపెట్టడం కాలేజీల్లోనే జరుగుతోందా? మన ఇళ్లలో ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చి ఫలానావాడు నా వీడియో తీశాడని చెబితే మొదట ఏం చేస్తాం? ఫోన్ లాక్కుంటాం. చదువు మాన్పిస్తాం. వచ్చిన మొదటి సంబంధానికే నిఖా చేసి పంపుతాం. మొహల్లా పెద్దలు ఇరువైపులా కూర్చోబెట్టి ‘బాత్ బాహర్ నక్కో జానే దేవ్’ అంటారు. వాడి ఫోన్లో వీడియో వాడి దగ్గరే ఉంటుంది! దీనికంతటికీ ‘పర్దాపోషీ’ అని ఒక ధార్మికమైన పేరు.

పర్దాపోషీ గొప్ప గుణమే. సాటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చినవారి లోపాలను అల్లాహ్ కప్పుతాడన్న హదీసు ప్రామాణికమైనది. హజ్రత్ మాయిజ్ (రజి) తన పాపాన్ని ఒప్పుకోవడానికి వచ్చినప్పుడు, ఆయన్ను పంపిన హజ్జాల్ (రజి)తో నీ వస్త్రంతో అతణ్ణి కప్పి ఉంటే నీకు మేలు జరిగేదని దైవప్రవక్త (స) అన్నారు. కాని అక్కడ కప్పమన్నది ఎవరిని? పశ్చాత్తాపంతో కుమిలిపోతున్న మనిషిని. ఒక ఆడపిల్ల మానాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి కాదు. వాడు తన లోపాన్ని దాచుకోవడం లేదు, ఆమె సతర్‌ను దోచుకున్నాడు. దోచినదాన్ని వాడి దగ్గరే ఉంచి పర్దా కప్పితే, ఆ పర్దా దొంగకే పనికొస్తుంది.

సూరా నిసా 148వ ఆయతు చూడండి. చెడు మాటను బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెబుతూనే, అన్యాయానికి గురైనవారికి మినహాయింపు ఇచ్చింది. బాధితురాలు నోరు తెరవడానికి సాక్షాత్తు అల్లాహ్ అనుమతి ఉంటే, వద్దనడానికి మనమెవరం? ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి) మీద కపటులు నింద మోపినప్పుడు దైవప్రవక్త (స) ఆ విషయాన్ని ఇంట్లోనే నొక్కిపెట్టలేదు. మింబర్ ఎక్కి, తన కుటుంబం విషయంలో తనను బాధపెట్టిన మనిషి గురించి జనం ముందు ఫిర్యాదు చేశారు. ఆమెకు ఇల్లు మూతపడలేదు. అల్లాహ్ ఆమె పవిత్రతను సూరా నూర్‌లో ప్రకటించి, విశ్వాసుల్లో అశ్లీలం వ్యాపించాలని కోరేవారికి ఇహపరాల్లోనూ శిక్ష ఉందని హెచ్చరించాడు.

మన స్త్రీల ఫోటోలను ‘వేలం’ వేసిన 2021, 2022 నాటి ఆ రెండు యాప్‌లను మనం మరచిపోలేదు. అప్పుడు మనకు కలిగిన మంట న్యాయమైనది. కాని మన పిల్లవాడి ఫోన్లో హిందూ అమ్మాయి వీడియో ఉంటే ఆ మంట ఎక్కడికి పోతుంది? 2023 జులైలో ఉడుపిలోని ఒక పారామెడికల్ కాలేజీలో, వాష్‌రూంలో తోటి విద్యార్థిని వీడియో తీశారన్న ఆరోపణపై ముగ్గురు ముస్లిం అమ్మాయిలను సస్పెండ్ చేశారు. సరదాకు తీశామన్నారట. దాన్ని మతం రంగు పులిమి వాడుకున్నవాళ్లు వాడుకున్నారు, అది వేరే సంగతి. తొంగిచూసే కన్నుకు సరదా అన్న మినహాయింపు ఏ హదీసులోనూ లేదు, చూసేది ఆడదైనా సరే.

మన వీధుల్లో ఇంకో అలవాటు. దొంగల భయంతో ఇంటికి సీసీ కెమెరా పెట్టుకుంటున్నాం, మంచిదే. అది పక్కింటి పెరట్లోకి, ఎండాకాలం వాళ్లు పడుకునే మిద్దె మీదికి తిరిగి ఉందేమో ఎప్పుడైనా చూసుకున్నారా?

అలాంటిది జరిగిన ఇంట్లో చేయాల్సింది ఇదీ. అమ్మాయిని తిట్టకండి. బెదిరింపు సందేశాలను చెరిపేయకండి, అవే సాక్ష్యం. డబ్బు ఇవ్వకండి, ఇస్తే మళ్లీ అడుగుతాడు. అమ్మీ గాని ఖాలా గాని తోడుండి పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లండి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, ‘మా పరిధి కాదు’ అనడానికి వీల్లేదు. ఇలాంటి కేసుల్లో ఆమె చెప్పేది మహిళా పోలీసు అధికారే రాసుకోవాలి. 1930 నెంబరు ఉంది, కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది. అమ్మాయి వయసు 18 లోపు అయితే పోక్సో చట్టం వర్తిస్తుంది, తెలిసి కూడా చెప్పకుండా ఉండటమే అక్కడ నేరం. పంచాయితీ చేసే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లల అశ్లీల చిత్రాలను చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ‘నేను పంపలేదు, చూశానంతే’ అంటే కుదరదు.

ఇలాంటిదేదో ఇదివరకే చేసి, ఇప్పుడు భయపడుతున్న యువకుడు ఈ పేజీ చదువుతూ ఉండవచ్చు. అతనికి తౌబా తలుపు మూసుకుపోలేదు. అయితే ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కు. నమాజులు పెంచినంత మాత్రాన తీరేది కాదు. ఎవరెవరికి పంపాడో గుర్తు చేసుకుని ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేయాలి. నేను పాపం చేశాను, నీ దగ్గరున్నది తీసెయ్యి, ఇంకెవరికైనా పంపి ఉంటే వాళ్ల పేర్లు చెప్పు అని అడగాలి. కేసు నడుస్తుంటే పోలీసులకు నిజం చెప్పాలి, ఏదీ చెరిపేయకూడదు. ఆ అమ్మాయి అబ్బా క్షమించకపోతే, క్షమించకపోవడం ఆయన హక్కు.