ఇంటిని కాపాడే అప్పు ఎలా ఉండాలి?

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు నీరు విజయవాడను ముంచెత్తింది. సింగ్‌నగర్, పాయకాపురం, కొత్త రాజరాజేశ్వరిపేట ప్రాంతాల్లో జనం రోజుల తరబడి నీళ్ళ మధ్యనే గడిపారు. అదే సమయంలో కృష్ణా నది ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్ళలోకి వచ్చింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో నేల అంతస్తు మునిగిన కుటుంబానికి 25 వేలు, పై అంతస్తుల్లోని వారికి 10 వేల రూపాయల చొప్పున సహాయం ప్రకటించింది. తడిసిన పరుపులు, పాడైన ఫ్రిజ్జు, కొట్టుకుపోయిన బియ్యం లెక్కిస్తే ఆ సొమ్ము వాటికే చాలదు. మళ్ళీ నీరు వస్తే ఇల్లు మునగకుండా చేసుకునే మాట ఎక్కడిది?

ఇలాంటి చోట ఉండే ముస్లిం కుటుంబం ముందు ఒక కష్టమైన ప్రశ్న ఉంది. ఇంటి మట్టం పెంచుకోవాలి, కప్పు మీద సోలార్ పెట్టుకోవాలి. చేతిలో డబ్బు లేదు. బ్యాంకు ఇస్తానంటుంది, కాని వడ్డీకి. ఏం చేయాలి?

దీనికి మన ఇళ్ళలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. “మంచి పనికే కదా, వడ్డీ కూడా తక్కువే కదా, తీసుకుంటే తప్పేమిటి?” అనేది ఒకటి. “వడ్డీ హరాం, కనుక ఊరుకోండి. అంతా అల్లాహ్ చూసుకుంటాడు” అనేది రెండోది. ఈ రెండు జవాబులూ సరైనవి కావు.

జాగ్రత్తపడటం విశ్వాసంలో భాగమే

ముందు రెండో జవాబును చూద్దాం. అల్లాహ్ మీద భారం వేయడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఒంటెను కట్టి, ఆ తర్వాతే అల్లాహ్‌ను నమ్ముకోవాలన్నది దైవప్రవక్త (స) బోధ. కరువు రాకముందే ఏడేళ్ళ పంటను నిల్వ చేయించిన హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది.

వరద విషయంలోనూ మనకు ఆదర్శం ఉంది. హిజ్రీ 17వ సంవత్సరంలో మక్కాలో పెద్ద వరద వచ్చి మఖామె ఇబ్రాహీమ్‌ను దాని స్థానం నుంచి కొట్టుకుపోయిందని చరిత్రకారులు రాశారు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి వచ్చి దానిని యథాస్థానంలో పెట్టించారు. అంతటితో ఆగలేదు. వరద నీరు మళ్ళీ మస్జిదె హరామ్ వైపు రాకుండా ఎగువన కట్ట కట్టించారు. కాబా గృహం దగ్గరే అడ్డుకట్ట అవసరమైనప్పుడు మన ఇంటికి అవసరం లేదని ఎలా అనగలం?

పైగా వరదకు ముందు ఊరుకున్నవాడు వరద తర్వాత ఊరుకోలేడు. అప్పుడు నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి అప్పిచ్చే వ్యాపారి గుమ్మం ఎక్కాల్సి వస్తుంది. ముందుచూపు లేని తవక్కుల్ చివరికి మనిషిని పెద్ద వడ్డీ దగ్గరికే చేరుస్తుంది.

మంచి పని కోసమైనా వడ్డీ వడ్డీయే

ఇక మొదటి జవాబు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేశాడు, వడ్డీని నిషేధించాడు. బఖరా సూరాలో ఈ ఆజ్ఞ స్పష్టంగా ఉంది. ఆ నిషేధం అప్పు దేనికోసం తీసుకున్నామనే దాన్ని బట్టి మారదు. ఎండ నుంచి వచ్చే విద్యుత్తు శుభ్రమైనదే. దానికోసం కట్టే వడ్డీ మాత్రం ఆ శుభ్రతతో శుద్ధి కాదు. వడ్డీ తినేవానితో పాటు ఇచ్చేవాణ్ణి, రాసేవాణ్ణి, సాక్షులను కూడా ప్రవక్త (స) శపించారని ‘సహీహ్ ముస్లిం’లో ఉంది. రేటు తక్కువైతే ఫరవాలేదన్న మినహాయింపు అందులో లేదు.

“మాది నిర్బంధ పరిస్థితి” అని కొందరు అంటారు. నిర్బంధ పరిస్థితి అనేది షరీఅత్ గుర్తించిన విషయమే. అయితే ఫిఖ్హ్ పండితులు మనిషి అవసరాలను మూడు మెట్లుగా విభజించారు: లేకపోతే ప్రాణానికే ముప్పు వచ్చేవి, లేకపోతే ఇబ్బంది కలిగేవి, ఉంటే సౌకర్యంగా ఉండేవి. నీళ్ళలో మునిగే చోట ఉన్న కరెంటు మీటరు బోర్డును, స్విచ్చులను పైకి మార్చడం ప్రాణానికి సంబంధించినది. మురుగు నీరు పైపులో నుంచి ఇంట్లోకి ఎగదన్నకుండా వాల్వు పెట్టుకోవడం, పునాది మట్టం పెంచుకోవడం ఇబ్బందిని తొలగించేవి. నెల బిల్లు తగ్గించుకోవడం సౌకర్యం. బిల్లు తగ్గించుకోవడానికి నిర్బంధం అనే పేరు పెట్టకూడదు. నిజంగా ప్రాణం మీదికి వచ్చినవారు కూడా తమకు తాము ఫత్వా ఇచ్చుకోకుండా, తమ పరిస్థితి మొత్తం విప్పి చెప్పి ఆలిమ్‌ను అడగాలి.

ఈ వరుసలో ఇంకో లాభం కూడా ఉంది. మొదటి మెట్టు పనులకు సాధారణంగా ఖర్చు తక్కువ. అప్పు అవసరం లేకుండానే చాలా ఇళ్ళు వాటిని పూర్తి చేసుకోవచ్చు. మరో సంగతి కూడా తెలుసుకోవాలి. బ్యాటరీ లేని సాధారణ సోలార్ వ్యవస్థ వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా ఏర్పాటు చేస్తారు. కనుక వరద రాత్రి అది వెలుగునిస్తుందని భ్రమపడి అప్పు చేయకూడదు.

తెరిచి ఉన్న దారులు

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రారంభించింది. దాని కింద ఇంటికి 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయల వరకు సబ్సిడీని నిర్ణయించారు. ఈ సబ్సిడీ అప్పు కాదు, వడ్డీ కాదు. దాన్ని పొందడంలో సంకోచం అక్కరలేదు. పథకంలో బ్యాంకు రుణం సదుపాయం కూడా ఉంది. కాని రుణం తీసుకుంటేనే సబ్సిడీ అనే షరతు లేదు. ఈ తేడా తెలియక కొందరు సబ్సిడీనే వదులుకుంటారు, కొందరు రుణంలో దిగుతారు.

అసలు చిక్కు ఏమిటంటే సబ్సిడీ సోలార్ బిగించిన తర్వాతే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకు మొత్తం ఖర్చు ఇంటివారే పెట్టుకోవాలి. పథకం లెక్కలో 3 కిలోవాట్ల ప్రామాణిక ధర 1,45,000 రూపాయలు. బజారు ధర ఇంకా ఎక్కువ ఉండవచ్చు.

ఇక్కడే ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు అవసరమవుతుంది. ఒక మహల్లాలో 20 కుటుంబాలు తలా 25 వేలు కలిపితే 5 లక్షలవుతుంది. దానితో ఆరు ఇళ్ళకు 78 వేల చొప్పున ఇవ్వవచ్చు. సబ్సిడీ రాగానే ఆ సొమ్ము తిరిగి నిధిలో చేరుతుంది, మరో ఆరు ఇళ్ళకు వెళ్తుంది. ఇచ్చినవారి అసలు ఎక్కడికీ పోదు. నిధి నడిపేవారు నిర్వహణ ఖర్చు వసూలు చేయవలసివస్తే అది నిజంగా అయిన ఖర్చు వరకే ఉండాలి. అప్పు మొత్తాన్ని, గడువును బట్టి పెరిగితే అది వేరే పేరుతో వడ్డీయే అవుతుంది.

రెండో దారి వాయిదాల మీద కొనడం. వ్యాపారి నగదు ధర కంటే వాయిదాల ధర ఎక్కువ చెప్పినా, ఒప్పందం నాడే ఒకే ధర ఖాయమై, ఆలస్యమైనా అది పెరగకపోతే అధిక సంఖ్యాకులైన ఫుఖహాలు దాన్ని వ్యాపారంగానే పరిగణించారు. ఆలస్యానికి అదనపు సొమ్ము అడిగితే మాత్రం అందులో వడ్డీ చొరబడినట్లే.

ఇల్లు మరమ్మతు చేసుకోలేని నిరుపేదకు అప్పు కాదు, జకాత్ ఇవ్వాలి. తీర్చలేనివాడికి అప్పిచ్చి మెడ మీద బరువు పెట్టడం సహాయం అనిపించుకోదు.

“వద్దు” అన్నవారి బాధ్యత

వడ్డీ వద్దని చెప్పడం ధర్మమే. కాని అక్కడితో మన ధర్మం పూర్తికాదు. మునిగే వీధిలో ఉన్నవాడికి హరాం ద్వారాన్ని చూపించి మూసి, హలాల్ ద్వారాన్ని తెరవకుండా వెళ్ళిపోతే, అతణ్ణి మనం కాపాడినట్లా, నీళ్ళలో వదిలినట్లా? మనలో పెళ్ళికి లక్షలు ఖర్చు చేసేవారు ఉన్నారు. ఏళ్ళ తరబడి ఖాళీ స్థలాల్లో సొమ్ము పెట్టి ఉంచినవారు ఉన్నారు. పొరుగువాడి గడపను రెండడుగులు ఎత్తడానికి ఏడాదిపాటు కొంత సొమ్ము వదలలేరా?

మదీనాలో మంచినీళ్ళకు జనం ఇబ్బంది పడుతున్నప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని తన సొమ్ముతో కొని అందరికీ అంకితం చేశారు. నీరు అమ్ముకోవడం తప్పని ఉపన్యసించి ఊరుకోలేదు.

అప్పు తీసుకునేవారికీ బాధ్యత ఉంది. అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఖుర్ఆన్ ఆదేశించింది. చనిపోయినవాడికి బాకీ ఉందని తెలిసినప్పుడు, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకునేవరకు ప్రవక్త (స) జనాజా నమాజుకు ముందుకు రాలేదు. ఖర్జె హసనాను “మనవాళ్ళ డబ్బే కదా” అని ఎగవేస్తే, ఎగవేసినవాడు తనొక్కడే నష్టపోడు. తన తర్వాత వరుసలో నిలబడిన పేదవాడి ఇంటిని కూడా ముంచినవాడవుతాడు. నిజంగా ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వడం మాత్రం ఇచ్చినవారి విధి.

కనుక వచ్చే వర్షాకాలానికి ముందే ప్రతి మస్జిద్ కమిటీ ఒక రోజు కూర్చుని మూడు విషయాలు రాసుకోవాలి: మన మహల్లాలో నీరు ఎక్కే ఇళ్ళు ఏవి? వాటిలో జకాత్‌కు అర్హులు ఎవరు, అప్పు తీర్చగలవారు ఎవరు? వడ్డీ లేకుండా కొంతకాలం సొమ్ము ఇవ్వగలవారు ఎవరు? మూడో జాబితాలో మొదటి పేరు ఆ కాగితం పట్టుకున్నవారిదే కావాలి.

అల్లాహ్ మన ఇళ్ళను వరద నుంచి, మన సంపాదనను వడ్డీ నుంచి కాపాడుగాక! పొరుగువారికి ధర్మబద్ధమైన దారి తెరిచే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.