చేయి వేయుటకు ముందు

శరీరమున నొప్పి పుట్టినప్పుడు వెంటనే చేయి వేసి దానిని మాన్పువానిని మనము సమర్థుడందుము. చేయి వేయక ముందు పది ప్రశ్నలడుగువానిని చూచి విసుగుకొందుము. ఈ తలపు సరియైనదేనా యని మేము చదువరులతో గూడి విచారింపగోరుచున్నాము.

పూర్వము మన పల్లెలలో నడుము పట్టినచో నూనె మర్దనము చేయువారి యొద్దకు బోయెడివారము. నేడు శ్రీకాకుళ విజయనగర పట్టణములందు ఫిజియోతెరపీ శాలలు వెలసినవి. వ్యాయామాదులచేత బిగిసిన కండరములను సడలించి, బలము తప్పిన యవయవములకు బలము గూర్చుట వారి విద్య. అది మిక్కిలి యుపకారకమైన విద్యయే. కాని నొప్పులన్నిటికిని మూలమొకటి గాదు.

ఉద్దానమున కొబ్బరి బస్తాలు మోయు కూలివాడొకడు నడుము నొప్పితో వచ్చెననుకొందము. "బరువెత్తితిని, పట్టినది" అని యతడే కారణము చెప్పును. ఆ మాట నమ్మి మర్దనము మొదలుపెట్టుట సులభము. అయితే పడుకొన్నను నొప్పి తగ్గదా? సాయంకాలము జ్వరము తగులుచున్నదా? కారణము లేక యొడలు చిక్కినదా? అని యడిగినచో వెన్నెముకకు బట్టిన క్షయ బయటపడవచ్చును. మూత్రము బిగబట్టినదా, లేక తెలియకుండ పోవుచున్నదా? తొడల నడుమ స్పర్శ తప్పినదా? అని యడిగినచో వెన్ను దిగువ నరములు నలుగుచున్న జాడ తెలియవచ్చును. అట్టివానిని ఆ దినముననే శస్త్రవైద్యుని కడకు బంపవలెను. జాగు చేసినచో ఆ నష్టము జన్మాంతము నిలువవచ్చును. ఒక పిక్క మాత్రమే వాచి వేడెక్కినచో లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. దానిని పిసికినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు జేరి ప్రాణము తీయవచ్చును.

వీనిని పాశ్చాత్య వైద్యులు ఎఱ్ఱజెండాలందురు. ఆమదాలవలసలోనో విజయనగరములోనో రైలుకట్టపై ఎఱ్ఱజెండా చూచిన డ్రైవరు పట్టా విరిగినదని నిశ్చయింపడు. బండి నాపి విచారించును. ఈ గుర్తులును అట్టివే. ఇవి రోగమును నిర్ణయింపవు. ఆగి చూడుమని చెప్పును.

ఇందుకొక యాక్షేపణ కలదు. 2009లో ప్రకటింపబడిన ఆస్ట్రేలియా దేశపు పరిశోధనలో క్రొత్తగా నడుము నొప్పి వచ్చిన 1172 మందిని పరీక్షింపగా, నూటికి ఎనుబదిమందికి ఏదో యొక హెచ్చరిక గుర్తు కనబడినది. నిజముగా తీవ్రవ్యాధి యున్నవారు 11 మంది మాత్రమే. గుర్తు కనబడిన ప్రతివానిని విశాఖపట్టణమునకు బంపినచో, కూలివాని దినవేతనము పోవును, రైలు ఖర్చు తగులును, ఇంటిల్లిపాదికి భయము పట్టును. పదునొకండుగురి కొఱకు ఇందఱను బాధించుట ధర్మమా?

ఈ ప్రశ్న త్రోసివేయదగినది గాదు. అయినను అడుగుట వేఱు, పంపుట వేఱు. అడుగుటకు ఖర్చు లేదు. కావున అందఱను అడుగవలెను. ఒంటి గుర్తునకు బెదరక, గుర్తులను కలిపి చదువవలెను. సందేహము మిగిలినచో వారము దినములలో మరల రమ్మని కనిపెట్టి యుండవలెను. మూత్రము, స్పర్శ, కాలి బలము తప్పిన చోట మాత్రము కాలయాపన పనికిరాదు.

ఇందు మన దేశపు ప్రశ్నలను మనమే చేర్చుకొనవలెను. కవిటి, సోంపేట, మందస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి కుటుంబములను గుల్ల చేయుచున్నది. దాని మూలము నేటికిని తేలలేదు. 2023 డిసెంబరున పలాసయందు దానికై 200 పడకల యాస్పత్రి తెరవబడినది. ఈ వ్యాధి మొదట నొప్పి లేకయే పెరుగును. నడుము నొప్పికని దుకాణములో కొని మ్రింగు బిళ్లలు పలువురి మూత్రపిండములకు మఱింత చేటు చేయును. కావున "ఏ బిళ్లలు మ్రింగుచున్నావు? రక్తపరీక్ష జరిగినదా?" అని ఆ ప్రాంతపు రోగి నడుగని చికిత్సకుడు సగమే యడిగినవాడు.

మఱియొక సంగతి మన గృహములకు సంబంధించినది. కోడలు నడుము నొప్పితో పోయినప్పుడు అత్తగారో భర్తయో ప్రక్కన నిలిచి ఆమెకు మాఱుగా బదులు చెప్పుట మనమెఱుగుదుము. మూత్రము సంగతి, మర్మస్థానపు తిమ్మిరి సంగతి, ఇంట దెబ్బలు తగిలిన సంగతి ఆమె వారి యెదుట నెట్లు చెప్పగలదు? ఆమె లజ్జ ఆమె ప్రాణమునకు శత్రువగుట మర్యాద యనిపించుకొనదు. ఆమెతో నేకాంతముగా మాటలాడుటకు చికిత్సకుడు, లేక శాలలోని స్త్రీ యొకతె, అవకాశము కల్పింపవలెను. పెద్దలు బయట కూర్చుండవలెను.

ఇక చికిత్సకుని మనస్సు. 2021లో మన పార్లమెంటు చేసిన చట్టము ఈ వృత్తిని వైద్యానుబంధ వృత్తులలో గుర్తించినది. వైద్యుని చీటి లేకయే రోగులు నేరుగా వచ్చుచుండగా మొదట చూచువాని బాధ్యత వీరి మీదనే పడుచున్నది. వచ్చిన రోగిని "ఇది నా చేతిది గాదు, వైద్యుని జూడుము" అని పంపినచో రుసుము పోవును. చేతగానివాడను పేరు రావచ్చునను భయమును కలుగును. మా యభిప్రాయమున విద్యకు గౌరవము దాని బలము వలన నెంత వచ్చునో దాని హద్దెఱుగుట వలనను అంతయే వచ్చును.

ఆ హద్దును మన్నించుట మన విధి. ప్రశ్నలడిగి, మర్దనము చేయక, చీటి వ్రాసి పంపినవానికి రుసుమీయ నిరాకరింపకుడు. ఆనాడతడు మీకు జేసిన చికిత్స అదియే.